ఇంట్లో అటెండెంట్‌ను పెట్టుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

పెద్దవాళ్లకు పక్షవాతం వచ్చినా, తుంటి ఎముక విరిగినా ఆస్పత్రిలో ఉంచేది కొద్ది రోజులే. ఆ తర్వాత "ఇక ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి" అంటారు. ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పోసే రైల్స్ ట్యూబ్, మంచం పక్కన యూరిన్ బ్యాగ్, మీ చేతిలో డిశ్చార్జ్ సమ్మరీ. రోజంతా చూసుకునేది ఎవరన్న సంగతి ఆ సమ్మరీలో ఉండదు. వార్డులో ఎవరో ఒక ఏజెన్సీ నంబర్ ఇస్తారు. ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున ఒకావిడ బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఆ క్షణం నుంచి మీ నాన్నగారి ఒళ్లు, తిండి, మందులు అన్నీ ఆమె చేతిలోకి వెళ్లిపోతాయి.

నేను విజయవాడలో ఇళ్లకు వెళ్లి నర్సింగ్ చేస్తుంటాను. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, ఐసీయూలో చాలా ఏళ్లు పనిచేసి ఇటు వచ్చాను. పటమట, సత్యనారాయణపురం, భవానీపురం, గుణదల, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లి డ్రెస్సింగులు, ట్యూబులు మార్చడం, ఇంజెక్షన్లు చూసుకుంటాను. ఒక్కో ఇంట్లో నేనుండేది అరగంటో ముప్పావుగంటో. మిగతా సమయమంతా పేషెంటును కనిపెట్టుకుని ఉండేది అటెండెంటే. మంచం పట్టి రెండేళ్లయినా ఒంటిమీద చిన్న పుండు కూడా లేని మనుషుల్ని చూశాను. నెల తిరక్కుండానే నడుం కింద ఎముక కనిపించేంత పుండు పడినవాళ్లనీ చూశాను. బాగా డబ్బున్న ఇళ్లలో కూడా ఈ రెండోది జరుగుతోంది. అటెండెంట్‌కు పని నేర్పారా, ఆమెను కాస్త నిద్రపోనిచ్చారా, ఆమె ఆ ఇంట్లో నిలిచేలా చూసుకున్నారా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే పేషెంటు గురించి ఎంత చెబుతానో, ఆమె గురించీ అంతే చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది: నర్సా, అటెండెంటా

చాలామంది ఏజెన్సీకి ఫోన్ చేసి "ఒక నర్సును పంపండి" అంటారు. వచ్చేది అటెండెంట్. ఆ తేడా ఎవరూ చెప్పరు. నర్సు అంటే ఏఎన్ఎం, జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మనిషి. రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అడిగి చూడొచ్చు, అడిగితే ఏ నర్సూ నొచ్చుకోదు. అటెండెంట్‌కు అలాంటి కౌన్సిల్ లేదు. కొందరు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసి సర్టిఫికెట్‌తో వస్తారు. ఎక్కువమంది ఏదో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసి, పని చూసి నేర్చుకున్నవాళ్లే.

స్నానం చేయించడం, డైపర్ మార్చడం, పక్కకు తిప్పడం, తినిపించడం, లేపి కుర్చీలో కూర్చోబెట్టడం, డబ్బాలో పెట్టి ఇచ్చిన మందులు టైముకు వేయడం, బీపీ మిషన్‌తో రీడింగ్ చూసి రాయడం అటెండెంట్ పని. నరానికిచ్చే ఐవీ ఇంజెక్షన్లు, రైల్స్ ట్యూబ్ గానీ యూరిన్ ట్యూబ్ గానీ కొత్తది వేయడం, ట్రెకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు దగ్గర పెట్టిన గొట్టం) దగ్గర సక్షన్‌తో కఫం తీయడం, లోతైన పుండ్లకు డ్రెస్సింగ్ నర్సు పని. "ఆమెకు వచ్చులెండి సిస్టర్, ఇదివరకు ఇంట్లో కూడా తనే వేసింది" అంటూ ఊడిన రైల్స్ ట్యూబును అటెండెంట్‌తో మళ్లీ పెట్టించేవాళ్లున్నారు. ఆ ట్యూబు పొట్టలోకి బదులు ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందంటే, తర్వాత పోసిన పాలు నేరుగా అక్కడికే పోతాయి. ట్యూబు ఊడితే అలాగే వదిలేసి ఫోన్ చేయమని ఆమెకు మొదటి రోజే చెప్పండి. రాకపోతే పర్వాలేదని, రాని పని ఒప్పుకోవద్దని కూడా చెప్పండి. అటెండెంట్లు భయపడి ఒప్పేసుకుంటారు.

చాలా ఇళ్లకు రోజంతా నర్సు అవసరం ఉండదు. రోజంతా ఒక మంచి అటెండెంట్, అవసరాన్ని బట్టి వారానికి ఒకట్రెండు సార్లు నర్సు వచ్చి చూసి వెళ్లడం, నెలకోసారి డాక్టరుతో ఫోన్‌లోనైనా మాట్లాడటం, ఇది సరిపోతుంది. ఖర్చు కూడా తగ్గుతుంది.

ఆస్పత్రిలో ఉండగానే నేర్చుకోండి

డిశ్చార్జి రేపనగా బిల్లు, ఇన్సూరెన్స్ గొడవలో పడి అసలు పని మర్చిపోతారు. ఇంట్లో ఒకరు, కొడుకైనా కోడలైనా కూతురైనా, వార్డు నర్సు పక్కన నిలబడి ట్యూబ్ ఫీడింగ్ ఒకసారి, తిప్పి పడుకోబెట్టడం ఒకసారి తమ చేత్తో చేయాలి. ఫోన్‌లో వీడియో తీసుకుంటామని అడగండి. యూరిన్ ట్యూబ్ ఏ తేదీన వేశారో, మళ్లీ ఎప్పుడు మార్చాలో, ఏ మాత్రలు పొడిచేయకూడదో సమ్మరీ మీద రాయించుకోండి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన బీపీ, షుగర్ మాత్రలు కొన్నింటిని పొడిచేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది.

అటెండెంట్ మారుతూనే ఉంటారు. పని ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటే కొత్తగా వచ్చిన మనిషికి మీరు నేర్పగలరు. లేకపోతే వచ్చిన ప్రతి మనిషీ తనకు తెలిసినట్టు చేస్తుంది, అది తప్పో ఒప్పో చెప్పే దిక్కుండదు.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు

అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌ను పంపే సెక్యూరిటీ ఏజెన్సీకి 2005 చట్టం ప్రకారం లైసెన్స్ ఉండాలి, గార్డులకు శిక్షణ ఇవ్వాలి. మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడానికి పంపే ఏజెన్సీకి మాత్రం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఒక గది, రెండు ఫోన్లు ఉంటే బ్యూరో పెట్టేయొచ్చు. ఈ రంగానికి ఉన్న పెద్ద లోటు ఇదేనని నా నమ్మకం. గేటు దగ్గర కూర్చునే మనిషికి ఉన్న నియమాలు మంచం దగ్గర కూర్చునే మనిషికి లేకపోవడం నాకు మింగుడుపడదు. ప్రభుత్వం ఎప్పుడు పట్టించుకుంటుందో గానీ, అప్పటిదాకా ఆ తనిఖీ మీరే చేసుకోవాలి.

అడగాల్సినవి అడగండి. ఇంతకుముందు ఎలాంటి పేషెంట్లను చూసింది? ట్యూబ్ ఫీడింగ్ చేసిందా? మగ పేషెంటు అయితే మగ అటెండెంట్ దొరుకుతారా? ఎనభై కిలోల మనిషిని సన్నటి అమ్మాయి ఒక్కతే ఎత్తలేదు. ఆమెకు నడుం పోతుంది, ఆయన కింద పడతారు. ఆమె మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకర్ని పంపుతారు, పంపేదాకా డబ్బు కట్ చేస్తారా? అడ్వాన్స్ ఎంత, తిరిగి ఇచ్చేది ఎంత? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. వాట్సాప్‌లో మెసేజ్ అయినా చాలు, నోటి మాట చాలదు.

ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. మీరు ఏజెన్సీకి కట్టే దాంట్లో ఆమె చేతికి ఎంత అందుతుంది? ఎంత అందుతుందో చెప్పని ఏజెన్సీని నేను నమ్మను. మీరు నెల మొదట్లోనే డబ్బు కట్టేస్తారు, ఆమెకు మాత్రం నలభై రోజులకు గానీ జీతం రాదు. అలాంటప్పుడు ఆమె మీ ఇంట్లో ఎందుకు ఉంటుంది? వంద రూపాయలు ఎక్కువ వచ్చే ఇల్లు దొరకగానే వెళ్లిపోతుంది. జీతం ఫలానా తేదీలోపు నేరుగా ఆమె ఖాతాలో పడాలని మొదటే షరతు పెట్టండి.

ఆధార్ కాపీ తీసుకోండి. ఒరిజినల్ మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి, అది ఆమె మెడ పట్టుకున్నట్టే. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇచ్చి వెరిఫికేషన్ చేయించుకోండి. నగలు, నగదు, చెక్కుబుక్కులు బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ముందే తాళం వేసుకుంటే తర్వాత ఒకర్ని అనుమానించే అవసరం రాదు. కెమెరా పెడితే ఆమెకు చెప్పి, చూపించి పెట్టండి. పేషెంటు మంచం కనిపించేలా ఉండాలి తప్ప, ఆమె పడుకునే చోటో బట్టలు మార్చుకునే చోటో కనిపించకూడదు.

మొదటి వారం: ఇంట్లోవాళ్లు పక్కనే ఉండాలి

అటెండెంట్ రాగానే "హమ్మయ్య" అని ఆఫీసుకు వెళ్లిపోకండి. ఓ వారం రోజులు ఎవరో ఒకరు పక్కనే ఉండి చూడండి, చేయండి, చేయించండి.

అన్నిటికన్నా ముందు తిప్పడం. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని ఆపేయకూడదు, ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. కొద్దిగా వాల్చి, వీపు వెనక దిండు పెట్టాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా. రోజూ స్నానం చేయించేటప్పుడు నడుం కింది భాగం, తుంట్లు, మడమలు, భుజాల వెనక, తల వెనక చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉన్నట్టు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. నలుపు చర్మం మీద ఎరుపు తెలియదు, ఆ చోటు చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో చూడాలి. అక్కడ నూనె పెట్టి మర్దనా చేయకండి, లోపల కండ ఇంకా దెబ్బతింటుంది. గాలి నింపిన రింగు మీద కూర్చోబెట్టడం కూడా మంచిది కాదు. ఆ చోటు మీద బరువు పడకుండా చూసి, నర్సుకు కబురు పెట్టండి.

సత్యనారాయణపురంలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో ఈ పని ఎంత బాగా జరిగిందో చెప్పాలి. ఆయనకు కుడి పక్క పడిపోయింది. అటెండెంట్ పాలకొండ వైపు నుంచి వచ్చిన మనిషి, చదువు రాదు. ఎడమ కుడి అని రాసిన చార్టు ఇస్తే తికమకపడేది, పేషెంటు ఎడమా తన ఎడమా అని. మాస్టారి కోడలు ఒక క్యాలెండర్ వెనక మంచం బొమ్మ గీసింది. ఒక పక్క కిటికీ, ఒక పక్క తలుపు. ఆరింటికి కిటికీ వైపు, ఎనిమిదింటికి వెల్లకిలా, పదింటికి తలుపు వైపు, అలా రోజంతా. ఒక్కో గడిలో గడియారం బొమ్మ. తిప్పినప్పుడల్లా ఆ అటెండెంట్ గడిలో బొట్టు పెన్సిల్‌తో చుక్క పెట్టేది. నేను వెళ్లగానే ముందు ఆ క్యాలెండర్ చూసేదాన్ని, ఏ పూట ఏం జరిగిందో తెలిసిపోయేది. మాస్టారి ఒంటిమీద పుండు పడలేదు. ఇప్పుడు నేను వెళ్లే ప్రతి ఇంట్లో కిటికీ, తలుపు పద్ధతే చెబుతున్నాను. చదువుకున్నవాళ్లకు కూడా ఇదే తేలిక.

ఇక ట్యూబ్ ఫీడింగ్. ముక్కు దగ్గర ట్యూబు మీద ఉన్న గుర్తు కదిలిందేమో ముందు చూడాలి. తల వైపు ఎత్తి, దాదాపు కూర్చున్నట్టు పెట్టి, సిరంజి పైకి పట్టుకుని జావ దానంతట అదే దిగేలా వదలాలి. పిస్టన్‌తో నెట్టకూడదు. పోసే ముందు, పోశాక కొద్దిగా మంచినీళ్లు పోసి ట్యూబు కడగాలి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట, అలాగే కూర్చోబెట్టాలి. పోస్తుండగా దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపేయాలి. నోటితో తినేవాళ్లయితే పడుకోబెట్టి ఎప్పుడూ పెట్టకండి. గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, ముందు ముద్ద మింగారని చూసుకున్నాకే రెండోది. పల్చటి నీళ్లు, చారు పొలమారేవాళ్లకు చిక్కటి జావ నయం. టీవీ చూస్తూ పెట్టే అలవాటు మాన్పించండి, పెట్టేవాళ్లకీ తినేవాళ్లకీ.

యూరిన్ బ్యాగ్ మంచం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. తిప్పేటప్పుడు బ్యాగును పొట్ట మీద పెట్టి తిప్పుతారు, అప్పుడు మూత్రం వెనక్కి వెళ్లి ఇన్ఫెక్షన్ వస్తుంది. మూత్రం చిక్కబడినా, వాసన వచ్చినా, మనిషి మాటలో ఉన్నట్టుండి తేడా వచ్చినా డాక్టరుకు చెప్పండి. పెద్దవాళ్లలో జ్వరం కంటే ముందు ఆ తికమకే కనిపిస్తుంది చాలాసార్లు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. టైము, తిండి, మూత్రం, విరేచనం, బీపీ, షుగర్, మందులు. అమెరికాలో ఉన్న కొడుకు రోజూ వీడియో కాల్ చేసి "నాన్న ఎలా ఉన్నారు" అని అడిగే బదులు, ఆ రోజు పేజీ ఫొటో పంపమనడం వందరెట్లు మేలు.

ఆమె నిద్ర, ఆమె తిండి

ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని పెట్టుకుంటారు. ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండే మనిషి ఈ భూమ్మీద లేదు. రాత్రి రెండు గంటలకోసారి లేచి తిప్పి, డైపర్ మార్చి, పొద్దున ఐదింటికి మళ్లీ మొదలుపెడితే నాలుగో రోజుకు ఆమె కళ్లు మూతలు పడుతుంటాయి. సిరంజి చేతిలో పట్టుకుని కునికేవాళ్లను చూశాను. అది బద్ధకం అనుకుని తిట్టే ఇళ్లూ ఉన్నాయి. స్తోమత ఉంటే పగలు ఒకరు, రాత్రి ఒకర్ని పెట్టుకోండి. లేకపోతే ఇంట్లోవాళ్లు రాత్రి పది నుంచి రెండింటిదాకా తిప్పే బాధ్యత తీసుకోండి. మధ్యాహ్నం ఆమె రెండు గంటలు వేరే గదిలో పడుకోవాలి. వరండాలో చాప మీద కాదు, ఫ్యాన్ కింద.

తిండి మీరు తిన్నదే పెట్టండి. నిన్నటి అన్నం ఆమెకు, ఇవాళ్టిది మీకు అంటే ఆ సంగతి ఆమెకు అర్థం కాకుండా పోదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వండి. ఇంటిపని కలపకండి. అంట్లు, బట్టలు, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించడం అన్నీ ఆమె మీద వేస్తే పేషెంటుకు మిగిలేది ఏమీ ఉండదు. పేరు పెట్టి, "అమ్మా" అని పిలవండి. మామ్మగారు మతిమరుపులో తిట్టినా, కొట్టినా, అది జబ్బని ఆమెకు ముందే విడమరిచి చెప్పండి. మగ పేషెంటుగానీ, ఇంట్లో మగవాళ్లుగానీ చేయి వేస్తే మాత్రం ఊరుకోకూడదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంట్లో పనిచేసే ఆడవాళ్లకూ వర్తిస్తుంది, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఈ మాట మీరే ఆమెకు చెప్పండి. అలా చెప్పిన ఇంటి మీద ఆమెకు కలిగే నమ్మకం వేరు.

అలాగే పేషెంటు వైపు కూడా చూడాలి. చెప్పుకోలేని మనిషి ఒంటిమీద కమిలిన గుర్తులు, అటెండెంట్ దగ్గరకు రాగానే బిగుసుకుపోవడం, ఎప్పుడూ మగతగా ఉండటం కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. నిద్రమాత్రల లెక్క మీ దగ్గరే ఉంచుకోండి. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, దేశంలో ఎక్కడి నుంచైనా ఉచితంగా చేయొచ్చు.

డబ్బు ఎక్కడి నుంచి

2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల వరకు. అది ఆస్పత్రిలో చేరినప్పటి చికిత్సకు. ఇంట్లో అటెండెంట్ జీతానికి, డైపర్లకు పనికిరాదు. ప్రైవేటు పాలసీలు కూడా చాలావరకు అంతే. అంటే నెలనెలా ఖర్చు మొత్తం ఇంటిదే. ఎయిర్ బెడ్, ఆస్పత్రి మంచం, వీల్‌చైర్ కొనకండి, అద్దెకు దొరుకుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైన పేదలకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది, 2024 జులై నుంచి. అర్హత ఉందో లేదో మీ గ్రామ, వార్డు సచివాలయంలో కనుక్కోండి. డాక్టర్ల పరీక్ష ఉంటుంది కాబట్టి ఆస్పత్రి కాగితాలన్నీ భద్రంగా ఉంచండి. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) కేంద్రాలున్నాయి. నయం కాని జబ్బుతో ఉన్నవారి ఇంటికే వాళ్ల నర్సు వస్తుంది. డబ్బు తీసుకోరు. చాలామందికి ఈ సంగతే తెలియదు, జిల్లా ఆస్పత్రిలో అడగండి.

రాబోయే ఏళ్లు తేలిగ్గా ఉండవు

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో దేశంలో 60 దాటినవాళ్లు నూటికి పది మంది పైచిలుకు. 2050 నాటికి నూటికి 20 మంది దాటుతారు. దక్షిణాదిలో ఈ వాటా ఇప్పటికే దేశ సగటు కంటే ఎక్కువ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక్కగానొక్క కొడుకు డల్లాస్‌లో, అమ్మానాన్న గుణదలలో, ఇదీ లెక్క. ఆ అమ్మానాన్నల్లో ఒకరు మంచాన పడితే రెండోవారికి కూడా డెబ్భై దాటి ఉంటాయి.

చూసుకునే చేతులు మాత్రం పెరగడం లేదు. మన నర్సులు జర్మనీకీ, జపాన్‌కూ వెళ్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే భాష నేర్పించి పంపుతోంది. కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనిచేయడం ఎప్పటి నుంచో ఉన్నదే. వాళ్లు బాగుపడటం నాకు సంతోషమే. కానీ ఇక్కడ మిగిలినవాళ్లకు శిక్షణ, పీఎఫ్, ఈఎస్ఐ, పనిగంటలు ఏమీ లేకుండా, తల్లిదండ్రులను చూసుకోమని అప్పజెబుతున్నాం. ఈ పని చేసే అమ్మాయి తన కూతుర్ని ఈ పనికి పంపదు. నాతో చాలామంది ఆ మాటే అన్నారు. మెకానిక్‌కు ఐటీఐ ఉన్నట్టు అటెండెంట్‌కూ ఒక గుర్తింపు కోర్సు, రిజిస్టర్, జీతంలో మెట్లు ఉండాలి, ఏజెన్సీలకు లైసెన్స్ ఉండాలి. మన ఎమ్మెల్యేలను రోడ్లు, డ్రైన్లు అడిగినట్టే ఇదీ అడగాలి.

అమ్మానాన్నలకు అరవై అయిదు దాటాయంటే, వాళ్లు బాగున్నప్పుడే కొన్ని చేసుకోవచ్చు. బాత్రూంలో పట్టుకునే రాడ్లు, జారని నేల. వీల్‌చైర్ పట్టే తలుపు ఉన్న గది కింది అంతస్తులో. అటెండెంట్ ఖర్చుకని విడిగా బ్యాంకులో నెలనెలా వేసుకునే ఒక ఆర్‌డీ. మంచాన పడితే ఏం కావాలి, ఏం వద్దు అని వాళ్లనే అడిగి రాసుకోవడం. అడగడానికి నోరు రాదంటారు. అడిగితే చాలామంది పెద్దవాళ్లు తేలికపడి చెప్పేస్తారు, నేను పక్కనే ఉండి విన్నాను.

చివరిగా సంక్రాంతి. శ్రీకాకుళం, మన్యం వైపు నుంచి వచ్చిన వాళ్లంతా పండక్కి ఊరెళ్తారు, వెళ్లాలి కూడా. ఏజెన్సీలో రిలీవర్లు అప్పుడే దొరకరు. డిసెంబరు మొదట్లోనే ఆమె ఎప్పుడు వెళ్తుందో, ఎప్పుడొస్తుందో అడిగి, టికెట్ మీరే చేయించండి, రానూ పోనూ. ఆ పది రోజులకు ఇంట్లో ఎవరు ఏ పూట చూడాలో అదే క్యాలెండర్ వెనక గీసుకోండి. ఆమె వెళ్లేముందు రెండు రోజులు ఆమె చేస్తుంటే చూడకుండా, మీరు చేస్తుంటే ఆమెను చూడమనండి. డైపర్లు, అండర్‌ప్యాడ్లు, రైల్స్ ట్యూబుకు ప్లాస్టర్, ఫీడింగ్ సిరంజి ముందే తెచ్చిపెట్టుకోండి, భోగి, సంక్రాంతి రెండు రోజులూ మెడికల్ షాపులు సగం మూసే ఉంటాయి. నర్సుకు కూడా ముందే చెప్పి ఉంచండి, మేమూ పండగ చేసుకుంటాం గానీ, ఫోన్ చేస్తే వస్తాం.